ఏడో నెలలో ఆగని ఏడుపు... బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 24 ఏళ్లు, ఇప్పుడు ఏడో నెల. మా ఆయన కువైట్‌లో ఉంటారు. నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు, అన్నం సయించడం లేదు. సీమంతం రోజున గాజులు తొడుగుతున్నా ఏడుపు ఆగలేదు. కడుపుతో ఉండి ఏడిస్తే బిడ్డకు కీడని అత్తయ్య అంటున్నారు. నిజమేనా?

సలహా: మీరు ఏడ్చినందువల్ల బిడ్డకు కీడు జరగదమ్మా. ఆ భయంతో చాటుగా ఏడవడం వల్ల మీ బాధ రెట్టింపవుతోంది. అయితే దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే, భర్త దగ్గర లేని బెంగ అని సరిపెట్టుకోకూడదు. అది డిప్రెషన్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం మంది మానసిక సమస్యలతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు.

దీనికి చికిత్స చేయకుండా వదిలేస్తే 37 వారాలు నిండకముందే కాన్పు కావడానికి, బిడ్డ 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడానికి అవకాశం కొంత పెరుగుతుంది. ఒత్తిడితో పెరిగే కార్టిసాల్ హార్మోన్ ప్రభావం కొంత ఉన్నా, తిండి తగ్గిపోవడం, ఐరన్ మాత్రలు మానేయడం, నెలనెలా పరీక్షలకు వెళ్లకపోవడం గురించే నాకు ఎక్కువ ఆందోళన. మీ తల్లీబిడ్డల కార్డు తీసి, ఆరో నెలలో రాసిన బరువు పక్కన ఏడో నెల బరువు చూడండి. కిలో కూడా పెరగకపోతే ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి.

రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా ఇలాంటి నీరసం, దిగులు కలుగుతాయి కనుక ఆ రెండు పరీక్షలూ చేయించండి. సమస్య డిప్రెషనే అని తేలితే, తీవ్రత తక్కువగా ఉన్నప్పుడు కౌన్సెలింగ్‌తోనే చాలామంది కోలుకుంటారు; మందులు అవసరమైతే గర్భిణులకు ఇవ్వదగినవి ఉన్నాయి, వాటిని మానసిక వైద్యులు, మీ గైనకాలజిస్టు కలిసి నిర్ణయిస్తారు. నిద్ర కోసం మందుల షాపులో అడిగి మాత్రలు మాత్రం కొనుక్కోవద్దు.

అత్తయ్యగారు మనవడో మనవరాలో క్షేమంగా పుట్టాలన్న ఆత్రుతతోనే ఆ మాట అంటున్నారు. ఈ సమాధానం ఆవిడకు చదివి వినిపించి, ఆసుపత్రికి వెంట రమ్మని అడగండి. మీవారికి కూడా దాచకుండా చెప్పండి.

చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఒంటరిగా ఉండవద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పి, ఏ వేళనైనా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. కాన్పు తర్వాత ఈ దిగులు మళ్లీ ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి, పురిటికి పుట్టింటికి వెళ్తే అక్కడి డాక్టరుకు ఈ సంగతి ముందుగానే చెప్పి ఉంచండి.