బీఫార్మసీ తర్వాత షాపులోనే ఉండాలా? అమీర్‌పేట కోర్సా, ఫార్మ్‌డీనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక చైన్ మెడికల్ స్టోర్‌లో ఫార్మసిస్టుగా చేస్తోంది. పేషెంట్లకు మందులు ఎలా వాడాలో వివరించే కౌన్సెలింగ్‌లో శిక్షణ తీసుకుని ఇందులోనే ఉంటానంటోంది. నేను అమీర్‌పేటలో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలపై నిఘా) గానీ మెడికల్ కోడింగ్ (జబ్బులు, చికిత్సలకు బిల్లుల కోసం కోడ్‌లు వేసే పని) గానీ నేర్చుకోమంటున్నాను. ఫార్మ్‌డీ పీబీ (బీఫార్మసీ తర్వాత చేసే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చేయిస్తే డాక్టర్ అని పిలుస్తారని మరికొందరు అంటున్నారు. చుట్టాలు అడిగితే మెడికల్ షాపులో నిలబడుతోందని చెప్పలేకపోతున్నాం. ఈలోగా మా ఊళ్లో మెడికల్ షాపాయన ఒకరు అమ్మాయి ఫార్మసిస్టు సర్టిఫికెట్ తన షాపులో పెట్టుకుని నెలనెలా డబ్బిస్తానంటున్నాడు. ఈ దారుల్లో ఏది మేలో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, నల్గొండ

సమాధానం: చివర్లో మామూలు సంగతిలా రాసిన మాటతోనే మొదలుపెడతాను. సర్టిఫికెట్ అద్దెకివ్వొద్దు. తాను పనిచేయని షాపుకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇవ్వడం 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం తప్పు. ఫార్మసీ కౌన్సిల్ తన రిజిస్టరులోంచి పేరే కొట్టేయొచ్చు. పైగా అమ్మాయి ఇప్పటికే ఒకచోట ఉద్యోగంలో ఉంది. ఒకే నంబరు రెండు లైసెన్సుల మీద కనిపిస్తే ఏం సమాధానం చెబుతారు? ఆ షాపాయన చీటీ లేకుండా నిద్రమాత్రలో, షెడ్యూల్ హెచ్1 (కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితా) యాంటీబయోటిక్సో అమ్మాడనుకోండి. ఆ మందులకు డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఆయన అడిగేది గోడ మీద సర్టిఫికెట్ ఎవరిదో వాళ్లనే. నాలుగేళ్లు ఫీజులు కట్టి చదివించింది, ఫ్రేము కట్టించి ఎవరి షాపులోనో తగిలించడానికా?

ఇక మీ అసలు బాధ. పోలిక అడిగారు గానీ, మీ మనసును తొలిచేస్తున్నది ‘షాపులో నిలబడుతోంది’ అన్న మాట. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, అన్నింట్లోనూ ఇదే. సందు చివరి షాపులో పదో తరగతి చదివిన కుర్రాడు చీటీ చూసి మందులిస్తాడు, మా పిల్ల కూడా అదే పని చేస్తోంది కదా అని. ఆ కుర్రాడికీ మీ అమ్మాయికీ తేడా లేకపోతే మీ బాధలో న్యాయముంది. ఆ తేడా తెచ్చుకోవడానికే ఆమె శిక్షణ అడుగుతోంది. అడిగినదాన్ని మీరే అడ్డుకుంటున్నారు.

ఆ తేడా ఎలా ఉంటుందో చూడండి. ఒకామె వచ్చి పిల్లాడికి జ్వరం మందు ఇమ్మంటుంది. పారాసెటమాల్ పిల్లల మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల పిల్లాడికి ఒక విడతకు గరిష్ఠంగా 150. అదే 150 మిల్లీగ్రాములు, ఎంఎల్‌కు 100 ఎంజీ ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్. 5 ఎంఎల్‌లో 250 ఎంజీ ఉండే సిరప్ అయితే 3 ఎంఎల్. 125 ఎంజీ సిరప్ అయితే 6 ఎంఎల్. ‘క్రితంసారి 5 ఎంఎల్ పోశాను’ అని ఆ తల్లి ఈసారి డ్రాప్స్ 5 ఎంఎల్ పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. పెట్టె మీద ఇదంతా ఇంగ్లిషులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పిల్లాడి బరువెంతని అడిగి, డ్రాపర్ మీద గీత పెట్టి చూపించి, నాలుగు గంటల లోపు మళ్లీ వేయొద్దు, రోజుకు నాలుగుసార్లు దాటొద్దు అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరమంటే మందు అమ్మడం కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపడమే.

ఇన్సులిన్ సంగతి ఇంకా ప్రమాదం. మన దగ్గర వయల్స్‌లో (చిన్న సీసాల్లో) ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్ల ఇన్సులిన్ వస్తుంది, దానికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్ లాంటివి 100 యూనిట్లవి, వాటికి నారింజ మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి తెలివి తప్పిపోతాడు. సిరంజి, మందు కలిపి చేతిలో పెట్టే ఆఖరి మనిషి ఫార్మసిస్టే.

ఆస్తమాకు ఇచ్చే రోటాక్యాప్‌ను నీళ్లతో మింగేసేవాళ్లు ఎంతమందో! అది మిషన్‌లో పెట్టి పీల్చే క్యాప్సూల్ అని ఎవరూ చెప్పరు. కీళ్ల జబ్బుకు వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటున్నా, దాంతోపాటే కాల్షియం మాత్ర వేసుకుంటే సరిగా పనిచేయదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. ‘గ్యాస్ పట్టేసింది, ఏదన్నా మాత్రివ్వండి’ అంటూ గుండె మీద చెయ్యి పెట్టుకుని, చెమటలు కారుతూ వచ్చిన యాభై ఏళ్ల మనిషికి యాంటాసిడ్ అమ్మి పంపడమా, ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపడమా? జబ్బేమిటో తేల్చడం ఫార్మసిస్టు పని కాదు, చట్టమూ ఒప్పుకోదు. ఎవరిని డాక్టరు దగ్గరకు పంపాలో తెలియడం మాత్రం కచ్చితంగా ఆమె పనే. చుట్టాలకు చెప్పుకోలేకపోతున్నది ఈ ఉద్యోగం గురించేనా?

మీరు ముచ్చటపడుతున్న అమీర్‌పేట కోర్సుల మీద నా అనుమానాలు దాచుకోను. ఫార్మకోవిజిలెన్స్ మంచి రంగమే, హైదరాబాద్‌లో ఉద్యోగాలూ ఉన్నాయి. మొదట్లో ఇచ్చే పని మాత్రం కేస్ ప్రాసెసింగ్: మందు వికటించిందని వచ్చిన నివేదికలో పేషెంటు, నివేదించిన మనిషి, అనుమానిత మందు, దుష్ఫలితం అన్న నాలుగూ ఉన్నాయా చూడటం, మెడ్‌డ్రా అనే వైద్య పదాల నిఘంటువులో కోడ్ వెతికి పెట్టడం, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, సంగతంతా కథనంగా రాయడం. తీవ్రమైన కేసులకు 15 రోజుల గడువు నెత్తిమీద ఉంటుంది. చాలాచోట్ల షిఫ్టులు. ఇందులో ఎక్కించే పని ఇప్పటికే యంత్రాలకు వెళ్తోంది; మిగిలేది వైద్యపరంగా ఆలోచించి తేల్చే పని. అది మూడు నెలల కోచింగ్‌తో రాదు. ‘100% ప్లేస్‌మెంట్’ అన్న బోర్డు చూసి డబ్బు కట్టేముందు, గత బ్యాచ్‌లో చేరినవాళ్ల ఆఫర్ లెటర్లు నాలుగు చూపమనండి. కొన్నిచోట్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లూ అంటగడతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, ఆ మచ్చ పిల్ల పేరు మీదే ఉంటుంది. మెడికల్ కోడింగ్‌కు బీఫార్మసీయే అక్కర్లేదు, ఏ లైఫ్ సైన్సెస్ డిగ్రీ అయినా సరిపోతుంది. నాలుగేళ్ల ఫార్మకాలజీని పక్కన పెట్టి అటు పోవడానికి గట్టి కారణం ఉండాలి. పక్కింటి అబ్బాయికి ఏసీ ఆఫీసు దొరికిందన్నది కారణం కాదు.

ఫార్మకోవిజిలెన్స్ మీదే ఆసక్తి ఉంటే కౌంటర్‌లోనే మొదలుపెట్టొచ్చు. మందు వల్ల దద్దుర్లో, వాపో వచ్చిన పేషెంటు కనిపిస్తే ఏడీఆర్ (మందు దుష్ఫలితం) ఫారం నింపి పంపవచ్చు, లేదా దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం పీవీపీఐ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు చెప్పవచ్చు. ఆ కార్యక్రమాన్ని నడిపే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ సొంతంగా శిక్షణలు ఇస్తుంది. సొంతంగా పంపిన నివేదికల గురించి చెప్పగలిగే అభ్యర్థి ఇంటర్వ్యూలో వేరుగా కనిపిస్తుంది.

ఫార్మ్‌డీ పీబీ మూడేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. పెద్దాసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు కావాలన్నా, బోధనలోకి పోవాలన్నా చేయించండి. పిలుపు కోసమైతే వద్దు. కాలేజీకి 300 పడకల ఆసుపత్రితో ఒప్పందం కాగితం మీద ఉంటే చాలదు. వారానికి ఎన్ని రోజులు వార్డుకు పంపుతారో ఆ కాలేజీ ఇంటర్న్‌నే అడగండి. అమెరికా ఆలోచన ఉంటే ఇంకో చిక్కు: 2003 తర్వాత నాలుగేళ్ల డిగ్రీతో పాసైనవాళ్లను విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు అక్కడ పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్షకు రానివ్వరు. పీబీని ఎలా లెక్కిస్తారో ఫీజు కట్టకముందే ఆ పరీక్ష నడిపే ఎన్ఏబీపీ నిబంధనల్లో చూసుకోండి.

ఇక మీ అమ్మాయి అడిగిన శిక్షణ. అమ్మా, ఈ భాగం నీకు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులు, ఒక్కోటి కనీసం ఒక రోజు, హాజరు కావాలని ఆ 2015 నిబంధనల్లోనే ఉంది. పొద్దున సంతకం పెట్టి, మధ్యాహ్నం బిర్యానీ తిని, సాయంత్రం సర్టిఫికెట్ పట్టుకొచ్చే తంతుగా దాన్ని చూడకు. స్టేట్ ఫార్మసీ కౌన్సిల్, ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ పెట్టే వాటిలో ఎంచుకో. మందుల కంపెనీ డబ్బుతో జరిగేదాంట్లో ఆ కంపెనీ బ్రాండే సబ్జెక్టు అవుతుంది. చేరేముందు ఒకటే అడుగు: ఒకరు పేషెంటుగా, ఒకరు ఫార్మసిస్టుగా కూర్చుని మాట్లాడే అభ్యాసం ఉంటుందా, దాన్ని ఎవరైనా చూసి తప్పులు చెబుతారా? స్లయిడ్లు చదివి వినిపించేదైతే ఇంట్లోనే చదువుకోవచ్చు.

నెలకొక అంశం పట్టుకో. మొదట పిల్లల జ్వరం, విరేచనాలు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, 24 గంటలయ్యాక మిగిలింది పారబోయాలి. గ్లాసుకు ఇంత పొడి అని కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికి కీడే. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు 20 మిల్లీగ్రాములు 14 రోజులు. మూడో రోజు విరేచనాలు ఆగగానే తల్లులు మానేస్తారు, అక్కడే గట్టిగా చెప్పాలి. ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాకే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పేరు మారినా డబ్బాలు షాపులోనే ఉంటాయి. ఏది ఇవ్వాలో తెలియాల్సింది నీకే. ఆ తర్వాత ఇన్‌హేలర్లు, ఇన్సులిన్, బీపీ–షుగర్ మాత్రలు, గర్భనిరోధకాలు, రెండు వారాలు దాటిన దగ్గు.

కౌంటర్‌లో వరుస ఇలా పెట్టుకో. మందు ఎవరికి, ఇంకేం మందులు వాడుతున్నారు, ఏదైనా మందు పడదా, ఆడవాళ్లయితే గర్భిణా, పాలిస్తున్నారా: ముందు ఇవి అడుగు. తర్వాత ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లు, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఎలా దాచాలి. చదువు రానివాళ్లకు స్ట్రిప్ మీద మార్కర్‌తో సూర్యుడు, చంద్రుడు గీసివ్వు. చివర్లో ‘అర్థమైందా?’ అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. ‘పెద్దమ్మా, ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో నాకోసారి చెప్పండి’ అను. తప్పు ఆ జవాబులోనే దొరుకుతుంది. దొరికినవన్నీ పేర్లు లేకుండా ఒక నోటుబుక్‌లో రాసుకో. గర్భనిరోధక మాత్రో, సుఖవ్యాధి మందో అడిగేవాళ్లతో గొంతు తగ్గించి పక్కకు పిలిచి మాట్లాడు. సాయంత్రం రద్దీలో ఇదంతా అందరికీ కుదరదు. కొత్తగా ఇన్సులిన్, ఇన్‌హేలర్, రక్తం పలచబడే మందు మొదలుపెట్టినవాళ్లు, పసిపిల్లల తల్లులు, ఐదారు మందులు వాడే ముసలివాళ్లు, వీళ్లను మాత్రం ఊరికే పంపకు.

మళ్లీ మీకు, సర్. ఏడాది పాటు ఆమెను కదిలించకండి. ఆసుపత్రి ఆవరణలో ఉన్న బ్రాంచికి బదిలీ అడగమనండి, చీటీల వైవిధ్యం అక్కడ ఎక్కువ. ఆ నోటుబుక్ చేతిలో పట్టుకుని ఏడాది తర్వాత ఫార్మ్‌డీ కావాలంటే అప్పుడు చేర్చండి, ఏం నేర్చుకోవాలో తెలిసి వెళ్తుంది. ఊళ్లో ఆ షాపాయనకు మాత్రం ఈ వారమే కాదని చెప్పేయండి. ఈలోపు సర్టిఫికెట్ జిరాక్స్ ఏదైనా ఆయన చేతికి ఇచ్చి ఉంటే తిరిగి తీసుకోండి.