లంక ధీమా బ్యాంకాక్‌లో పనికిరాదు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

సెప్టెంబరు చివర్లో బ్యాంకాక్ వెళ్తున్నావట. అది వానాకాలం కదా అని మీ అమ్మ అంటే "గోదావరి వరదల్లో పెరిగినదాన్ని, నాకేమిటి" అన్నావట. వానకంటే ఆ మాటకే నాకు భయం వేసింది. మీ పెదనాన్న ఉద్యోగం వల్ల ఆ ఊళ్ళో కాపురం చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, విను.

మన వరద కబురు పెట్టి వస్తుంది. భద్రాచలంలో నీరు 43 అడుగులు దాటిందంటే కోనసీమ లంకల్లో సర్దుళ్ళు మొదలవుతాయి. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. ఈలోగా పశువులు ఏటిగట్టు చేరతాయి, బియ్యం బస్తాలు అటకెక్కుతాయి, పడవ ఎక్కడ కట్టాలో మగవాళ్ళు పోట్లాడుకోవడమూ పూర్తవుతుంది. బ్యాంకాక్‌లో నీకు ఎదురయ్యేది చాలావరకు ఇలాంటిది కాదు. మధ్యాహ్నం దాటాక మబ్బు పడుతుంది, గంటసేపు కుండపోత, అంతలోనే వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఊరు సముద్రమట్టానికి మీటరో మీటరున్నరో ఎత్తులో ఉంది. భూగర్భజలం తోడి తోడి నేల కుంగింది. పాతకాలం కాలువలు ఎన్నో పూడ్చి రోడ్లు వేశారు. పడిన నీటిని పంపులతో నదిలోకి తోడాలి, సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు త్వరగా దిగదు. పోటూ పాటూ సంగతి అంతర్వేది దాకా తిరిగినదానివి, నీకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ రకం నీటికి చేయవలసింది ఆగడమే. చూడాలనుకున్న గుళ్ళూ రాజభవనమూ పొద్దున్నే చూసేయ్. సాయంత్రం వాన పట్టుకుంటే దగ్గర్లోని స్కైట్రెయిన్ స్టేషన్ ఎక్కు. అది స్తంభాల మీద నడుస్తుంది కాబట్టి కింద రోడ్డు మునిగినా నీ ప్రయాణం సాగుతుంది. భూగర్భ మెట్రో స్టేషన్లకు కూడా ముందు కొన్ని మెట్లు పైకి ఎక్కించి, తర్వాతే కిందికి దింపుతారు. వరద నీరు లోపలికి రాకుండా కట్టిన పద్ధతి అది, చూస్తే ముచ్చటేస్తుంది. స్టేషను దగ్గర్లో లేకపోతే రెండు మూడు గంటలు టీ తాగుతూ కూర్చో. టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడకు. దొరకదు, దొరికినా కదలదు.

నీ అలవాటు నాకు తెలుసు, చీర కుచ్చెళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగిపోతావు. మన ఊళ్ళో కాజ్‌వే ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరుగుతుందో నీ పాదాలకు తెలుసు. అక్కడ ఆ నీటి కింద మూత లేచిన మురుగు గుంట ఉందో, పగిలిన కాలిబాట పలక ఉందో నీకు తెలియదు. అంతకంటే కరెంటు ప్రమాదం. వీధి దీపం స్తంభాన్ని, దుకాణం ముందు ఇనుప షట్టరును పట్టుకోకు. తప్పనిసరై నడవాల్సి వస్తే స్థానికులు ఎటు నడుస్తున్నారో చూసి వాళ్ళ వెనకే వెళ్ళు. హవాయి చెప్పులు వద్దు, మడమకు పట్టీ ఉన్నవి వేసుకో. గదికి రాగానే సబ్బుతో కాళ్ళు కడుక్కో. చిన్న పుండు ఉన్నా ఆ నీళ్ళలో దిగవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఉంది. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో ఒళ్ళు వెచ్చబడితే, వరద నీటిలో నడిచానని డాక్టరుకు నోరు తెరిచి చెప్పు. ఆయనకై ఆయన అడగకపోవచ్చు.

ఇక రెండో రకం నీరు ఉంది, అది మన వరదకు చుట్టమే. 2011లో వచ్చింది అదే. ఉత్తరాన పడిన వానలు బ్యాంకాక్ మీదుగా పారే చావో ఫ్రాయా నది వెంట వారాల తరబడి కిందికి దిగాయి. నఖోన్ సవన్ అనే ఊరు వాళ్ళకు భద్రాచలం, చైనాట్ దగ్గరి ఆనకట్ట వాళ్ళ ధవళేశ్వరం. అయితే లెక్కల్లో మోసపోకు. అప్పుడు ఆ ఆనకట్ట నుంచి సెకనుకు 3,500 ఘనమీటర్లకు పైగా వదిలారు. మన లెక్కలో లక్షా ఇరవై వేల క్యూసెక్కుల పైచిలుకు. ధవళేశ్వరంలో ఆ అంకె చెబితే ఎవరూ తల కూడా తిప్పరు. అక్కడ అదే నీరు డాన్ మువాంగ్ విమానాశ్రయాన్ని ముంచింది. అక్టోబరులో మూసినది మళ్ళీ 2012 మార్చిలో గానీ తెరవలేదు. దుకాణాల్లో తాగునీటి సీసాలు దొరకడం కూడా కష్టమైంది. కాబట్టి నఖోన్ సవన్, దాని దిగువన బ్యాంకాక్‌కు పైనున్న అయుత్తయ, ఈ ఊళ్ళ పేర్లు వార్తల్లో వరసగా రెండు రోజులు వినబడితే కూర్చుని ఆగవద్దు, తిరుగు ప్రయాణం అనుకున్నదానికంటే ముందే పెట్టుకుని వచ్చేయ్. గంటల వానకు ఆగడం, రోజుల వరదకు కదలడం. రెండూ తారుమారు చేస్తేనే చిక్కు.

హోటల్లో కింది అంతస్తు గది ఇస్తే పైది అడుగు. పాస్‌పోర్టు జిప్ కవరులో ఉండాలి. కార్డులు పనిచేయని రోజుకు కొంచెం బాట్ నోట్లు, ఫోనుకు పవర్ బ్యాంకు, ఓ అరకిలో అటుకులు. పర్యాటక పోలీసుల నంబరు 1155, అంబులెన్సుకు 1669, ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసుకో. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతున్న వీడియో మాత్రం మీ అమ్మకు పంపకు. ఆమె బీపీ మాత్రలు నేను మోయలేను.

ఆ ఊరికి రెండు విమానాశ్రయాలు, సువర్ణభూమి ఒకటి, డాన్ మువాంగ్ ఒకటి. రెండింటికీ పట్టాలున్నాయి. సువర్ణభూమికి ఎప్పటినుంచో రైలు ఉంది, డాన్ మువాంగ్‌కు 2021లో రెడ్ లైన్ అనే రైలు వచ్చింది. తిరుగు ప్రయాణం రోజు వాన ఉంటే రోడ్డును నమ్మకుండా రైలెక్కు. నీ టికెట్ మీద ఏది రాసి ఉందో చూసి ఈ రాత్రికే నాకు ఫోను చెయ్యి, అక్కడికి వెళ్ళే రైలు స్టేషనుకు దగ్గర్లో హోటల్ ఏది బాగుంటుందో చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ