అమ్మ గాజులను ఏ పద్దులో రాయాలి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఫిజియోథెరపీలో డిగ్రీ చేసి, రెండేళ్లు ఆసుపత్రిలో పనిచేసి, ఆ తరువాత బెంగళూరులో పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతిలో శిక్షణ పూర్తిచేశాను. ఏడాది కిందట విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి మేడమీద హాలు అద్దెకు తీసుకుని చిన్న స్టూడియో పెట్టాను. స్ప్రింగులను లాగుతూ వ్యాయామం చేసే రిఫార్మర్ యంత్రాలు రెండు, ఆరు మ్యాట్లు ఉన్నాయి. డబ్బు చాలక అమ్మ తన నాలుగు గాజులు తాకట్టు పెట్టి 2,60,000 తెచ్చి ఇచ్చింది. నాన్నగారికి తెలియదు. ఆయన ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగంలో చేసి రిటైరయ్యారు. ‘డబ్బున్నవాళ్ల సరదా కోసం చదువు పాడుచేసుకున్నావు’ అంటారు. ఇంతవరకు స్టూడియో మెట్లెక్కలేదు. మేనత్త, ఆమె కూతురు, పిన్ని రోజూ ఉదయం ఆరున్నర క్లాసుకు వస్తారు. వాళ్లను ఫీజు అడగలేను. పక్క వీధి జిమ్ వాళ్లు సగం ధరకే పిలాటిస్ అని బోర్డు పెట్టారు. పోయిన నెల 58 ఏళ్ల ఆవిడకు క్లాసు అయ్యాక నడుము పట్టేసింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. రోజుకు ఆరు క్లాసులు చేసి మణికట్టు నొప్పి మొదలైంది. ఇప్పుడు కాకినాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోందని నాన్నగారు వాళ్లకు చెప్పారు. స్టూడియో మూసేసి నిజంగానే ఆసుపత్రిలో చేరిపోమంటారా?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం ఒకసారే చదివాను. దానితో పాటు పంపిన లెక్కల కాగితాన్ని మాత్రం నాలుగుసార్లు చదివాను. వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ఆ కాగితంలో అద్దె 22,000, కరెంటు 6,000, తుడిచి సర్దే మనిషికి 5,000, బ్యాంకు వాయిదా 9,800 అని నీలం సిరాతో గుండ్రటి అక్షరాలతో రాశావు. అన్నిటికంటే కింద, పెన్సిలుతో, ‘ఇతరాలు 5,200’ అని ఉంది. రెండు లక్షల అరవై వేలకు నూటికి రెండు రూపాయల వడ్డీ కడితే నెలకు సరిగ్గా 5,200 అవుతుంది. అవి అమ్మ గాజులు. ఇంట్లో ఎవరికీ చూపించని కాగితంలో కూడా ఆ మాట రాయడానికి నీ చెయ్యి రాలేదు.

స్టూడియో ఉంచాలా, మూయాలా అని నువ్వు అడిగావు. నీ ఉత్తరంలో నాకు కనిపించిన కష్టం వేరే. నాన్నగారితో అప్పు ఎంతో చెప్పలేవు. అత్తయ్యతో ఫీజు ఎంతో చెప్పలేవు. పెళ్లివారితో సంపాదన ఎంతో, పని ఏమిటో చెప్పలేవు. మూడుచోట్లా నోటిదాకా వచ్చిన అంకెను మింగేస్తున్నావు. ఆసుపత్రిలో చేరినా ఈ అలవాటు నీతోనే వస్తుంది. అందుకే మూసేయమని గాని, నడపమని గాని ఈరోజు చెప్పను. ముందు ఆ అంకెలు బయటికి రానీ.

మొదట గాజుల సంగతి. ఏడాదిగా అమ్మ మట్టిగాజులతో తిరుగుతోందని, పోయిన వరలక్ష్మీవ్రతం రోజున నాన్నగారు అడిగితే ‘లాకర్లో ఉన్నాయి’ అందని రాశావు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమె ఎంత నలిగిపోయి ఉంటుందో నాకు తెలుసు. ఇలాంటి రహస్యాలు మోసే తల్లులు నా ఎదుట కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగు ముడి వేస్తుంటారు, విప్పుతుంటారు. వాళ్లను బాధించేది పోయిన బంగారం కన్నా భర్తతో ఆడిన అబద్ధం. నీ కలకు పెట్టుబడి పెట్టిన మొదటి మనిషి ఆమె. ఆమెను ఆ అబద్ధంలోంచి బయటపడెయ్యడం నీ బాధ్యత.

అయితే అమ్మకు తెలియకుండా నాన్నగారి ముందు బయటపెట్టకు. ముందు ఆమెతో కూర్చో. ‘నేనే చెబుతాను, అడిగిందీ నేనే, తీర్చేదీ నేనే అని చెబుతాను’ అను. తరువాత నాన్నగారికి చెప్పేటప్పుడు బంధువులెవరూ ఉండకూడదు, భోజనాల వేళ కాకూడదు. ఎంత తెచ్చావో, ఇప్పటికి ఎంత వడ్డీ కట్టావో, ఏ నెలకు విడిపిస్తావో కాగితం మీద పెట్టి చెప్పు. కోప్పడతారు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ కోపాన్ని పడనీ, మధ్యలో సమర్థించుకోకు. ఆయనను బాధించేది అప్పు కన్నా, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు తనకు చెప్పకుండా నిర్ణయం తీసుకున్నారన్న మాటే కావచ్చు. దానికి క్షమాపణ అడగడంలో నీకు తక్కువేమీ కాదు. స్టూడియో పెట్టినందుకు మాత్రం క్షమాపణ అడగకు.

ఈలోగా ఆ తాకట్టును వడ్డీ వ్యాపారి దగ్గర నుంచి బ్యాంకుకు మార్చు. బ్యాంకులు బంగారం మీద నూటికి నెలకు రూపాయి లోపు వడ్డీకే అప్పు ఇస్తాయి. నెలకు రెండున్నర వేలకు పైగా మిగులుతుంది. అది అసలులోకి జమ చెయ్యి. కాగితంలో ‘ఇతరాలు’ కొట్టేసి ‘అమ్మ గాజులు’ అని సిరాతో రాయి.

నాన్నగారు అన్న ‘డబ్బున్నవాళ్ల సరదా’ దగ్గర కొంచెం ఆగుతాను. ఎందుకంటే ఆ మాటకు నీ దగ్గర జవాబు లేకపోవడం నన్ను బాధపెట్టింది. ఈ వ్యాయామం కనిపెట్టిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నతనంలో ఉబ్బసం, ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో బాధపడ్డ పిల్లవాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లండులో ఉంటే శత్రుదేశపు మనిషని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఐల్ ఆఫ్ మ్యాన్ శిబిరంలో ఉండగా మంచాల స్ప్రింగులు విప్పి, లేవలేని రోగులు పడుకునే కాళ్లూ చేతులూ కదిలించేటట్లు ఏర్పాటు చేశాడని చెబుతారు. తరువాత న్యూయార్క్ వెళ్లి, సహచరి క్లారాతో కలిసి స్టూడియో నడిపాడు. దెబ్బలు తగిలిన నృత్యకారులు ఆయన దగ్గరకు వచ్చి బాగుపడేవారు. 1967లో చనిపోయేదాకా ఆయన దీన్ని కంట్రాలజీ అనే పిలిచాడు, అంటే శరీరాన్ని అదుపులో ఉంచుకునే విద్య అని. నువ్వు చదివిన ఫిజియోథెరపీకి ఇది దూరపు చుట్టం కూడా కాదు, ఇంటిపక్క చుట్టం. నీ చదువు ఎక్కడికీ పోలేదని నాన్నగారికి ఈ కథతోనే చెప్పవచ్చు.

ఆయనను స్టూడియోకు పిలవడానికి నా మనసులో ఒక మార్గం ఉంది. గాజుల సంగతి చెప్పాక, ఆ వేడి తగ్గాక, రిఫార్మర్ స్ప్రింగులు చూసి పెట్టమని అడుగు. ఇది ఉపాయం కాదు, నీకు నిజంగా అవసరం. మీ హాలు సముద్రానికి దగ్గర. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే పెచ్చులూడుతుంటే, మనిషి బరువుకు ఎదురులాగే స్ప్రింగుల మాట ఏం చెప్పాలి? కొక్కెం వంగిందా, చుట్ల మధ్య సందు ఏర్పడిందా, తుప్పు మచ్చ ఉందా అని వారానికోసారి చూడాలి. ఏ తేదీన వేశారో, ఎప్పుడు మార్చాలో పుస్తకంలో రాయాలి. పిల్లల పుట్టినరోజులు మరచిపోయినా యంత్రాల తేదీలు మరచిపోని మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ పుస్తకం నువ్వే రాసుకుంటున్నావు! యంత్రం ముందు కూర్చోబెట్టు. వ్యాయామం గురించి ఉపన్యాసం వద్దు. ఆయన చేతికి ఒక స్ప్రింగు ఇచ్చి పక్కకు తప్పుకో.

ఇక అత్తయ్య. ఉదయం ఆరున్నర నీ స్టూడియోకు బంగారం లాంటి వేళ. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు డబ్బు పెట్టి రావాలనుకునేది అప్పుడే. ఆ వేళ మూడు చోట్లు ఉచితంగా నిండిపోయాయి. డబ్బు కట్టే 19 మంది మీద నెలకు 57,000 వస్తోంది, 48,000 ఖర్చు పోను నీ చేతికి 9,000 మిగులుతోంది. ఆ మూడు చోట్లకు మనిషికి మూడు వేల చొప్పున వస్తే నీ మిగులు రెట్టింపు. ‘అత్తయ్యా, వచ్చే ఒకటో తారీకు నుంచి ఆరున్నర క్లాసు ఫీజు మూడు వేలు. పదకొండు గంటల మ్యాట్ క్లాసులో మీకు సగానికే చెబుతాను. మీకు ఏది వీలు?’ అను. అంతే. అద్దె పెరిగిందని, కరెంటు బిల్లు ఎక్కువైందని సంజాయిషీ చెప్పడం మొదలుపెడితే ఆమె ఒక్కొక్కదానికీ పరిష్కారం చెబుతుంది. ‘నాన్నగారి చెల్లెల్ని’ అంటే, ‘అందుకే అత్తయ్యా, అందరికంటే ముందు మీకే చెబుతున్నాను’ అను. అలిగితే అలగనీ. మేనత్తల అలక మనకు కొత్త కాదు, వాళ్లను మళ్లీ పిలిచే పండుగలు మనకు చాలానే ఉన్నాయి.

పక్క వీధి బోర్డు గురించి దిగులు పడకు. పిలాటిస్ అనే పేరు ఎవరి సొత్తూ కాదని, యోగా, కరాటే లాగా అది ఒక పద్ధతి పేరేనని 2000లో న్యూయార్క్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు అమెరికాదే అయినా, ఇక్కడ కూడా ఆ మాటను ఎవరైనా బోర్డు మీద రాస్తూనే ఉంటారు. నీ బోర్డు మీద నీ డిగ్రీ రాయించు. ధర మాత్రం తగ్గించకు.

ఆ డిగ్రీ ఉన్నందువల్లనే, నడుము పట్టేసిన ఆవిడ విషయంలో కొంచెం గట్టిగా చెబుతాను. చేర్చుకునేటప్పుడు ఆమెను ఏమీ అడగలేదని నువ్వే రాశావు. యాభై దాటిన స్త్రీలలో ఎముకలు పలచబడి ఉండవచ్చు. అలాంటివాళ్లకు వెన్ను ముందుకు చుట్టే రోల్ అప్ వంటివి చేయించకూడదని నీకు నేను చెప్పాలా? ఆసుపత్రిలో ఏ రోగినైనా వివరాలు రాసుకోకుండా మంచం ఎక్కించేదానివా? పాత జబ్బులు, ఆపరేషన్లు, మందులు, గర్భం అన్నీ అడిగే కాగితం ఒకటి తయారుచెయ్యి. అనుమానం ఉంటే డాక్టరు రాసిచ్చేదాకా ఆపు. ఆవిడకు ఫీజు తిరిగి పంపి ఊరుకున్నావట. డబ్బు పంపితే సరిపోదు. ఇంటికి వెళ్లి పలకరించు, డాక్టరుకు చూపించారా అని అడుగు. భయంతో దాక్కోవడం వల్లనే నీకు నిద్ర పట్టడం లేదు.

కాగితాల పని పెద్దది కాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఆన్‌లైనులో ఉచితం. నగరపాలక సంస్థ జీవీఎంసీ నుంచి ట్రేడ్ లైసెన్సు తీసుకో. సేవల వ్యాపారానికి ఏటా 20 లక్షల రాబడి దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి, నీది ఏడు లక్షల లోపే.

కాకినాడ వాళ్లకు తాంబూలాలకు ముందే నిజం తెలియాలి. అబద్ధం ఆడింది నాన్నగారు కాబట్టి సరిదిద్దే అవకాశం ముందు ఆయనకే ఇవ్వు. ‘నాన్నా, మీరు ఫోను చేసి చెబుతారా, పెళ్లిచూపుల్లో నేనే చెప్పనా?’ అని అడుగు. అబ్బాయితో విడిగా మాట్లాడినప్పుడు నెలకు ఎంత మిగులుతుందో, ఎంత అప్పు ఉందో, ఉదయం ఎన్నింటికి ఇల్లు కదులుతావో చెప్పు. పెళ్లయ్యాక కాకినాడలో ఉండాలంటే స్టూడియో ఏమవుతుందో అతన్నీ ఆలోచించమను. ఇవి విని వెనక్కి తగ్గే మనిషి అయితే, పెళ్లయ్యాక విని ఏం చేసేవాడో ఊహించుకో.

చివరిగా మణికట్టు. ఆరు క్లాసుల్లోనూ ప్రతి భంగిమా నువ్వే చేసి చూపిస్తున్నావు. నీకు శిక్షణ ఇచ్చినవాళ్లు మాటతో, అడిగి వేసిన చేతితో నేర్పమనే చెప్పి ఉంటారు. కొత్తవాళ్లకు ఒకసారి చూపించు, మిగతా సమయం నిలబడి వాళ్లను చూడు. ఒకరిద్దరికి వెన్ను ఎక్కడ వంగుతోందో అప్పుడే నీ కంటికి కనిపిస్తుంది. ఆదివారం తాళం తియ్యకు. నొప్పికి నీకు నువ్వే వైద్యం చేసుకోవద్దు. కాలేజీలో నీకు పాఠం చెప్పిన మేడం ఎవరైనా ఊళ్లోనే ఉంటే, ఈ వారమే వెళ్లి ఆ చెయ్యి చూపించు.