ద్రవంలోని వేడి ధ్వనికెలా తెలుస్తుంది?

ప్రశ్న: డిగ్రీ ప్రయోగశాలలో అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో నీటిలో ధ్వని వేగం కొలిచాం. దీంతో ఉష్ణధర్మాలూ తెలుస్తాయన్నారు. థర్మామీటరు ఉండగా ధ్వని ఎందుకు?
– ఒక విద్యార్థిని

జవాబు: థర్మామీటరు ఉష్ణోగ్రత ఒక్కటే చెబుతుంది. ద్రవాన్ని నొక్కినప్పుడు పుట్టే వేడి ఏమవుతుందో చెప్పదు. అది ధ్వని చెబుతుంది. ఏటా విద్యార్థుల చేత ఎన్నో ప్రయోగాలు చేయిస్తాను కానీ, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మీ పరికరం 2 మెగాహెర్ట్జ్‌ది అనుకుందాం. అంటే అందులోని స్ఫటికం సెకనుకు 20 లక్షల సార్లు కంపించి ధ్వనిని పుట్టిస్తుంది, ఎదుటి ఫలకం దాన్ని తిప్పికొడుతుంది. 20 డిగ్రీల నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,482 మీటర్లు పోతుంది. మైక్రోమీటర్ మర తిప్పుతుంటే మీటరు ముల్లు లేచి పడుతుంది. మళ్లీ లేచేసరికి పరావర్తక ఫలకం 0.37 మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది. అది సగం తరంగదైర్ఘ్యం. దాన్ని రెట్టింపు చేసి, సెకనుకు కంపనాల సంఖ్యతో హెచ్చిస్తే వేగం వస్తుంది. ఒక్కదానితో ఆగకండి, వరుసగా ఇరవై లెక్కపెట్టి భాగించండి. స్ఫటికానికి గాలిబుడగ అంటుకుంటే కొలత చెడుతుంది. నీటిని ముందే మరిగించి, చల్లార్చి పోయండి.

ఇక అసలు సంగతి. ఆ తరంగం ద్రవాన్ని ఒకసారి నొక్కి వదలడానికి పట్టేది అర మైక్రోసెకను. అంతలో అక్కడ పుట్టిన వేడి పక్కకు పోలేదు. అందుకే వేగం, సాంద్రతల నుంచి మనకు దక్కేది స్థిరోష్ణక సంపీడ్యత, అంటే వేడి బయటికి పోనప్పుడు ద్రవం ఎంత నొక్కుకుంటుందో తెలిపే కొలత. నిదానంగా నొక్కి, వేడిని పోనిచ్చి కొలిస్తే వచ్చేది సమోష్ణోగ్రతా సంపీడ్యత. రెంటి నిష్పత్తే విశిష్టోష్ణాల నిష్పత్తి! విశిష్టోష్ణమంటే ఒక గ్రాము ద్రవాన్ని ఒక డిగ్రీ వేడిచేయడానికి కావలసిన వేడి; పీడనం మారనివ్వకుండా కొలిస్తే ఒకటి, ఘనపరిమాణం మారనివ్వకుండా కొలిస్తే మరొకటి వస్తుంది. ఘనపరిమాణం మారనివ్వకుండా ద్రవాన్ని వేడిచేసి విశిష్టోష్ణం కొలవడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. ఈ నిష్పత్తి తెలిస్తే ఆ కష్టం తప్పుతుంది. 4 డిగ్రీల దగ్గర మాత్రం నీటికి వ్యాకోచ గుణకం (వేడిచేస్తే ఎంత వ్యాకోచిస్తుందో తెలిపే సంఖ్య) సున్నా కాబట్టి నొక్కినా వేడెక్కదు, రెండు సంపీడ్యతలూ ఒకటే.

వేగంతోపాటు ధ్వని ఎంత క్షీణిస్తుందో కూడా చూడాలి. బెంజీన్‌లో స్నిగ్ధత (ద్రవ పొరల మధ్య రాపిడి), ఉష్ణవహనాల లెక్కకు అందనంతగా క్షీణిస్తుంది. తరంగశక్తిలో కొంత అణువుల అంతర్గత కంపనాల్లోకి చేరి, ఆలస్యంగా తిరిగి రావడమే అందుకు కారణం.

ఈసారి అదే పాత్రలో ఇథైల్ ఆల్కహాల్ పోసి, మంటకు దూరంగా, 5 డిగ్రీలకోసారి కొలవండి. వేగం తగ్గుతూ రావాలి. నీటిలో అయితే సుమారు 74 డిగ్రీల దాకా పెరిగి, ఆపైన తగ్గుతుంది. ఆల్కహాల్‌లో తగ్గుదల కనిపించకపోతే ముందుగా జలతాపకం (పాత్ర ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచే నీటి తొట్టి) నిలకడగా ఉందో లేదో చూడండి.