స్టీలు, సిమెంటు గురించి డీలరు చెప్పే మాటను ఎలా సరిచూసుకోవాలి?

డీలరు బ్రోషరులో ‘550డి’ (550 బలంతో పాటు ఎక్కువ సాగే గుణం ఉన్న గ్రేడు) అనీ, ‘ఐ.ఎస్.ఓ. సర్టిఫైడ్’ అనీ రాసి ఉన్న కడ్డీలను ఇంటికి వాడవచ్చా అని మీరు అడిగారు. బోడుప్పల్‌లో మా ఇంటి పనిని దగ్గరుండి చేయించిన అనుభవంతో చెబుతున్నాను. బ్రోషరును పక్కన పెట్టి, మీ సైటులో దిగిన సరుకుకు నేరుగా ముడిపడిన వివరాలనే లెక్కలోకి తీసుకోండి. ఐ.ఎస్.ఓ. 9001 అనేది సంస్థ నిర్వహణ పద్ధతికి ఇచ్చే ధ్రువీకరణే తప్ప, కడ్డీ బలం గురించి అది ఏమీ చెప్పదు. కడ్డీకి వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1786.

ఐ.ఎస్.ఐ. ముద్ర కింద ‘సి.ఎం./ఎల్.’ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) వారి ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో కొడితే తయారీ సంస్థ పేరు, చిరునామా, లైసెన్సు అమలులో ఉందో లేదో తెలుస్తాయి. చాలామంది పేరు కనబడగానే ఆగిపోతారు కానీ, ఆ లైసెన్సు ఏ గ్రేడుకు వర్తిస్తుందో కూడా తప్పక చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది హీట్ నంబరు, అంటే ఒకే విడతలో కరిగించిన ఉక్కుకు కర్మాగారం ఇచ్చే నంబరు. మా శ్లాబు స్టీలు దిగినప్పుడు కట్టకు వేలాడే ట్యాగు మీది హీట్ నంబరు, డీలరు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌లోని నంబరుతో కలవలేదు. ‘కంపెనీ ఒకటే కదా సార్, మాలంతా ఒకటే’ అని ఆయన నచ్చజెప్పబోయారు. సర్టిఫికెట్ అసలుదే కావచ్చు, కానీ అది వేరే స్టీలుకు చెందినది. అందుకే ఆ హీట్‌కు సంబంధించిన సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా మేస్త్రీని ఒక్క కడ్డీ కూడా కోయనివ్వలేదు. సర్టిఫికెట్ వచ్చాక సాగే శాతాన్ని (లాగినప్పుడు తెగేలోపు కడ్డీ ఎంత సాగుతుందో) చూడండి: 550 గ్రేడుకు అది కనీసం 10 ఉంటే చాలు, 550డికి మాత్రం 14.5 ఉండాలి. మీరు అదనంగా డబ్బు పెడుతున్నది ముఖ్యంగా ఈ తేడాకే. అనుమానం తీరకపోతే మీ ఎదుటే ముక్కలు కోయించి, ఎన్.ఏ.బి.ఎల్. (పరీక్షా ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. ధర్మకాంటా చీటీ మొత్తం బరువునే చెబుతుంది కాబట్టి, ఒక కడ్డీని విడిగా కూడా తూయించండి, 12 ఎం.ఎం. కడ్డీ మీటరుకు సుమారు 0.888 కిలోలు తూగాలి.

సిమెంటు విషయంలో ఒక్క మాట. పి.పి.సి. (బూడిద వంటివి కలిపిన పోజొలానా సిమెంటు) బస్తాను ‘53 గ్రేడు బలం’ అని అమ్ముతుంటారు. ఐ.ఎస్. 1489 ప్రకారం పి.పి.సి.కి గ్రేడులు లేవు. 28 రోజులకు కనీసం 33 మెగాపాస్కల్‌ల బలం రావాలన్నదే నిబంధన. అది మంచి సిమెంటే, మా గోడలకూ ప్లాస్టరింగుకూ దాన్నే వాడాము, కానీ ఆ మాట నమ్మి ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. బస్తా మీద ప్యాక్ చేసిన వారం, సంవత్సరం చూసి, మూడు నెలలు దాటిన సరుకును దించనివ్వకండి.

ట్యాగు, ముద్ర, బస్తా ఫోటోలను బిల్లుతో కలిపి భద్రపరచండి. బిల్లు మీద బ్రాండు, గ్రేడు విడిగా రాయించుకోండి. ‘స్టీలు’ అని మాత్రమే రాసిన బిల్లుతో తరువాత ఏదీ నిరూపించలేరు. ముద్ర నకిలీదని తేలితే అదే యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.