గింప్‌లో తెలుగు అక్షరాలు, పాస్‌పోర్ట్ షీట్: మీ సందేహాలు

ప్రశ్న: పెళ్లి బ్యానర్ కోసం, ఫొటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైప్ చేస్తున్నాను. అను ఫాంట్లలో ఏది ఎంచుకున్నా అక్షరం ఒకేలా వస్తోంది. ఎందుకని?

జవాబు: మీరు టైప్ చేసేది యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతి. అను ఫాంట్లు అంతకుముందు పద్ధతివి. వాటిలో తలకట్టు, గుడి, ఒత్తు లాంటి ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పెట్టారు. మీ ‘క’ అక్కడ దొరక్కపోయేసరికి కంప్యూటర్లో ఉన్న మరో తెలుగు ఫాంటు తెచ్చి చూపిస్తోంది గింప్. ఎన్ని మార్చినా అదే రూపం రావడానికి కారణం ఇదే. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న వంటివి ఉచితం. దించుకుని ఇన్‌స్టాల్ చేసి, గింప్ మూసి మళ్లీ తెరవండి. పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతుంటే టెక్స్ట్ టూల్‌లో లైన్ స్పేసింగ్ పెంచండి. పేర్లు పెద్దవి చేయడానికి మాత్రం స్కేల్ టూల్‌తో లాగొద్దు. అక్షరాలు బొమ్మగా మారిపోయి అంచులు మసకబారతాయి. ఫాంట్ సైజు అంకె మారిస్తే చాలు.

ప్రశ్న: 4×6 కాగితం మీద 8 పాస్‌పోర్ట్ ఫొటోలు వేస్తే సైజు తేడా వస్తోంది. పైగా ల్యాబ్‌లో ఫైలు తెరుచుకోవట్లేదట.

జవాబు: క్రాప్ టూల్‌లో యాస్పెక్ట్ రేషియో 35:45 బిగించి కోయండి. స్కేల్ ఇమేజ్‌లో ముందు రిజల్యూషన్ 300 పెట్టి, తర్వాత 413×531 పిక్సెళ్లు ఇవ్వండి. బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపు ఉంచి, గొలుసు గుర్తు విప్పి, క్యాన్వాస్ సైజు 425×545 చేసి సెంటర్ నొక్కి ఫ్లాటెన్ (పొరలన్నీ ఒకటిగా కలపడం) చేయండి. కత్తెర పట్టడానికి సందు వస్తుంది. ఫిల్టర్స్, మ్యాప్, టైల్‌లోకి వెళ్లి ఇక్కడా గొలుసు విప్పి 1700×1090 ఇస్తే వరసకు నాలుగు చొప్పున రెండు వరసలు పడతాయి. చివరగా క్యాన్వాస్ 1800×1200, సెంటర్, మళ్లీ ఫ్లాటెన్.

కంట్రోల్-ఎస్ కొడితే తయారయ్యేది ఎక్స్‌సీఎఫ్ అనే గింప్ సొంత ఫైలు. అది మీ దగ్గర దాచుకోవడానికే. ల్యాబ్‌కు ఎక్స్‌పోర్ట్ యాజ్‌తో జేపెగ్ చేసి పంపండి. ఇక సైజు తేడా ప్రింటింగ్‌లో వచ్చేదే: ‘ఫిట్ టు పేజ్’, ‘బోర్డర్‌లెస్’ రెండూ బొమ్మ సైజును మార్చేస్తాయి. 100 శాతం సైజులోనే వేయమని ల్యాబ్‌లో గట్టిగా చెప్పండి.

ప్రశ్న: గింప్‌ను స్టూడియోలో వాడితే లైసెన్స్ డబ్బు కట్టాలా?

జవాబు: అక్కర్లేదు. గింప్‌కు ఉన్న జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ వ్యాపారానికీ వర్తిస్తుంది, ఎన్ని సిస్టమ్‌లలోనైనా వేసుకోవచ్చు. గింప్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి.