మాత్రే కదా అనుకోకు, చిట్టీ

చిట్టీ,

నిన్న ఫోన్లో "మాత్రే కదా పెద్దమ్మా, కీమో కాదుగా" అన్నావు. చాలా రోజులకి నీ గొంతు కాస్త తేలికపడింది, దాన్ని చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. పదకొండేళ్ల కిందట ఆ మాట నేనూ అన్నదాన్నే, ఆ ధీమాతోనే ఒకసారి బోర్లాపడ్డాను. మీ అమ్మా నేనూ ఒకే ఆఫీసులో పనిచేసిన రోజుల నుంచీ నువ్వు నాకు తెలుసు కాబట్టి, మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మన జబ్బు జిస్ట్, అంటే పొట్ట, పేగుల గోడల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్ కణితి. ఏటా పదిలక్షల మందిలో పది పదిహేను మందికి వస్తుందంతే. ఒకప్పుడు ఇది మామూలు కీమోకి దాదాపు లొంగేదే కాదు. ఈ కణితుల్లో చాలావాటికి కిట్ అనే జన్యువులో తేడా మూలమని 1998లో జపాన్ వాళ్లు కనిపెట్టారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ కణానికి "పెరుగు" అని చెప్పే స్విచ్ లాంటిది. అది ఆన్‌లో ఇరుక్కుపోతుంది. మనం మింగే ఆ మాత్ర, ఇమాటినిబ్, వెళ్లి ఆ ప్రోటీన్ శక్తి తీసుకునే గుంటలో కూర్చుంటుంది. తాళం కన్నంలో పుల్ల విరిగితే తాళంచెవి దూరనట్టు. 2000 మార్చిలో హెల్సింకీలో ఒకావిడకి దీన్ని మొదటిసారి జిస్ట్ కోసం ఇచ్చి చూశారు. కాలేయం దాకా పాకిన జబ్బు నెల తిరిగేసరికి స్కాన్‌లో చల్లబడింది. 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. నేను బతికున్నది ఆవిడ పుణ్యమే అనుకుంటూ ఉంటాను, పేరు కూడా తెలియని మనిషికి రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

పుల్ల తీసేస్తే తాళం మళ్లీ పనిచేస్తుంది, చూశావా. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నాకు రెండో ఏట కళ్లచుట్టూ నీరు పట్టింది. పొద్దున్న అద్దంలో చూసుకుంటే రాత్రంతా ఏడ్చినదానిలా రెప్పలు ఉబ్బి, కింద సంచులు వేలాడుతుండేవి. అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పలేక విసిగిపోయాను. రిపోర్టులన్నీ బాగున్నాయి, ఒంట్లో హుషారుగా ఉంది, ఇక దేనికీ అని ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేశాను. వారంలో మొహం తేరుకుంది. సంబరపడి ఆరు వారాలు లాగించాను. తర్వాతి స్కాన్‌లో కాలేయంలో నిద్రపోతున్న మచ్చ ఒకటి మేలుకుంది. డాక్టరుగారు కసురుకోలేదు. "ఎన్ని మాత్రలు మిగిలాయమ్మా?" అని మాత్రం అడిగారు. ఆయన లెక్క కట్టుకునే వచ్చారని అప్పుడర్థమైంది. మళ్లీ మొదలుపెట్టాక అది సద్దుమణిగింది, నా అదృష్టం. జబ్బు పాకినవాళ్లలో ఏడాదికి, మూడేళ్లకి, ఐదేళ్లకి మందు ఆపి చూసిన పరిశోధన ఒకటి ఫ్రాన్స్‌లో జరిగింది. ఆపినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు తిరగబెట్టింది. ఆ సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ వేషాలు వేసేదాన్ని కాదు.

ఇంతకీ ఆ వాపుకి మందుంది. తలకింద ఎత్తు పెంచారు, ఉప్పు తగ్గించమన్నారు, కొన్నాళ్లు నీరు లాగే మాత్ర ఇచ్చారు. అడగడానికి సిగ్గుపడ్డాను, అంతే! కాబట్టి నీకు ఏం ఇబ్బంది వచ్చినా చెప్పు. డోసు తగ్గించాలా, నాలుగు రోజులు ఆపాలా అన్నది వాళ్లు చూసుకుంటారు. వాళ్లు ఆపితే వైద్యం, మనం ఆపితే దొంగతనం.

నీ బయాప్సీ ముక్క మీద మ్యుటేషన్ పరీక్ష, అదే జన్యువులో తేడా ఎక్కడుందో చూసేది, చేశారా? నిన్న అడిగితే నసిగావు. వెంటనే కనుక్కో. నాది కిట్ 11వ ఎక్సాన్‌లో (ఎక్సాన్ అంటే జన్యువులో ఒక భాగం), ఎక్కువమందికి ఉండేది అదే. దానికి రోజుకి 400 మిల్లీగ్రాములు సరిపోతాయి. 9వ ఎక్సాన్ అయితే 800 దాకా ఇవ్వాలని చూస్తారు. అసలు కిట్ కాకుండా పీడీజీఎఫ్‌ఆర్‌ఏ జన్యువులో డీ842వీ అనే మార్పు ఉందనుకో, ఇమాటినిబ్ ఎన్నాళ్లు మింగినా పనిచెయ్యదు. దానికి అవాప్రిటినిబ్ అని వేరే మాత్ర 2020లో వచ్చింది. ఈ మందుల గొప్పా ఇదే, చిక్కూ ఇదే. కణితి పొట్టలో ఉందా పేగులో ఉందా అన్నదానికంటే దాని లోపలి తప్పేమిటన్నదే వీటికి కావాలి. ఆ రిపోర్టు కాపీ నీ దగ్గర ఉండాలి, ఫైల్లోనూ ఫోన్లోనూ.

ఇంకొకళ్ల మాత్రల కబుర్లు విని బెంగపడకు. ఇమాటినిబ్ తిన్న వెంటనే, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి, లేకపోతే వికారం చంపేస్తుంది. అవాప్రిటినిబ్ అలా కాదు, ఖాళీ కడుపున. ఇదే జబ్బుకి ఇచ్చే ఇంకో మాత్ర సునిటినిబ్, మామూలు పద్ధతిలో నాలుగు వారాలు వేసుకుని రెండు వారాలు ఆపేది. ఒకళ్ల నియమం ఇంకొకళ్లకి విషం. నీ చీటీలో ఏముందో అదే నీది. మందుల షాపువాళ్లు కంపెనీ మార్చి ఇస్తే పేరూ మిల్లీగ్రాములూ సరిచూసుకుని గానీ కదలకు.

నేను వారానికి సరిపడా గడుల డబ్బా పెట్టుకున్నాను. పాపం ఫోన్ అలారం మోగుతుంది గానీ, మింగామో లేదో దానికేం తెలుసు? ఖాళీ గడి అయితే అబద్ధం చెప్పదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకు. మింగగానే వాంతి అయితే కూడా నీ అంతట నువ్వు ఇంకోటి వేసుకోక, ఫోన్ చేసి అడుగు.

పిక్కలు పట్టెయ్యడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. నడిరాత్రి కాలు కొంకరపోతే లేచి నిలబడి మడమ నేలకి నొక్కు, వదులుతుంది. నాకైతే వేళ్లు కూడా పట్టేసేవి. ఒకసారి బ్యాంకులో సంతకం చేస్తుంటే పెన్ను చేతిలో బిగుసుకుపోయి, ఇంకో చేత్తో వేళ్లు ఒక్కొక్కటీ విప్పుకున్నాను. ఇక ఒంటి రంగు. కొన్ని నెలలకి ఛాయ తేలడం మొదలవుతుంది, ఎందుకంటే చర్మానికి రంగునిచ్చే కణాలకీ ఆ కిట్టే కావాలి. "భలే రంగొచ్చావే, ఏం రాస్తున్నావ్?" అని అడిగేవాళ్లు తగులుతారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఎండలో మాత్రం జాగ్రత్త.

రోజూ ఒకే వేళకి బరువు చూసుకుని రాసిపెట్టు. రెండు మూడు రోజుల్లో గబగబా పెరిగిందంటే అది ఒళ్లు కాదు, నీరు. ఆయాసం, నల్లటి విరేచనం, జ్వరం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకు, వెళ్లిపో. రక్తపరీక్షల తేదీలు తప్పించకు. తెల్లకణాలు పడిపోయినా, కాలేయం అలిగినా పైకి ఏమీ తెలియదు.

వేరే ఏ మందు రాసినా, పంటి డాక్టరైనా సరే, ఇమాటినిబ్ వాడుతున్నానని ముందే చెప్పు. క్షయకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకి ఇచ్చే ఫెనిటోయిన్ లాంటివి దీన్ని ఒంట్లో నిలవనివ్వవు. కొన్ని ఫంగస్ మందులూ, గ్రేప్‌ఫ్రూట్ రసమూ ఒంట్లో దీని పాళ్లు పెంచేస్తాయి. మూలికల పొడులు ఎవరు ప్రేమగా ఇచ్చినా తీసుకుని పక్కన పెట్టు, మింగకు. పిల్లల ఆలోచన ఉంటే డాక్టరుతో విడిగా మాట్లాడు. మందు మీద ఉండగా గర్భం రాకూడదు.

నీకు మందుతో కణితిని కుదించి, తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు కదా. అందుకని మొదటి స్కాన్ గురించి ఇప్పుడే చెప్తున్నాను, గుర్తుపెట్టుకో. కణితి సైజు తగ్గకపోవచ్చు. ఒక్కోసారి లోపల కణాలు చచ్చి నీరుపట్టి, ఇంకాస్త పెద్దదిగా కూడా కనిపించవచ్చు. నా మొదటి రిపోర్టులో సెంటీమీటర్లు పెరిగాయని చదివి ఆస్పత్రి మెట్ల మీదే కూలబడ్డాను. డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పట్టి, "చూడండి, ముందు గట్టిగా తెల్లగా ఉన్నది ఇప్పుడు బూడిదరంగు తిరిగింది, చస్తోంది" అన్నారు. సైజొక్కటే కాదు, సాంద్రత తగ్గిందా అని అడుగు. ఆపరేషనయ్యాక కూడా, తిరగబెట్టే భయం ఎక్కువుంటే కనీసం మూడేళ్లు మాత్ర వెయ్యమంటారు. ఏడాది చాలనుకునేవారు, మూడేళ్లే మేలని 2012లో తేల్చారు.

ఇరవయ్యో తారీఖున స్కాన్ అన్నావు. రిపోర్టు వచ్చాక నువ్వొక్కదానివే విప్పి చదవకు. కవరు అలాగే పట్టుకుని నాకు ఫోన్ చెయ్యి. పాత ఫిల్ములు తెచ్చుకోవడం మర్చిపోకు, అవి లేకపోతే దేనితో పోల్చి చూస్తారు?

నీ పెద్దమ్మ